దాచుకునే సొమ్ముకు బిట్‌కాయిన్ బీరువా అవుతుందా?

క్లుప్తంగా: బిట్‌కాయిన్ల సంఖ్యకు హద్దు ఉంది, వాటి ధరకు లేదు. దాని పద్దులో దొంగ రాత రాయడం దాదాపు అసాధ్యం, కానీ తాళం పోగొట్టుకున్నవారికి మళ్లీ తెరిచి ఇచ్చే దిక్కు ఎవరూ లేరు. మన దేశంలో బిట్‌కాయిన్ లాంటి క్రిప్టో కరెన్సీలు కొనడం, అమ్మడం నేరం కాదు. లాభం వస్తే 30 శాతం పన్ను, నష్టం వస్తే సర్దుబాటు లేదు. ఏళ్ల తరబడి ముట్టుకోకపోయినా ఇబ్బంది లేని కొద్దిపాటి సొమ్ముకు తప్ప, ఫలానా నెలలో కచ్చితంగా కావాల్సిన డబ్బుకు ఇది తగిన చోటు కాదన్నది ఈ విశ్లేషణ చేరిన అభిప్రాయం. కారణాలు కింద ఉన్నాయి.

విశాఖపట్నం వన్‌టౌన్‌లోని కురుపాం మార్కెట్‌కు కాసు బంగారం కొనడానికి వెళ్లిన కుటుంబం ఆ రోజు రేటు ఒక్కటే అడిగి ఊరుకోదు. హాల్‌మార్క్ ఉందా, తరుగు ఎంత, మజూరీ ఎంత, రేపు అవసరం పడి తిరిగి తెస్తే ఎంతకు తీసుకుంటారు అని అడుగుతుంది. మధురవాడ వైపు స్థలం కొనేవారు ముందు ఈసీ తీయిస్తారు. పోస్టాఫీసులో డబ్బు వేసేవారు నామినీ పేరు రాయిస్తారు. సొమ్ము దాచే ఒక్కో చోట ఏం చూసుకోవాలో జనానికి అనుభవం మీద తెలుసు. క్రిప్టో కరెన్సీ విషయంలో ఆ అనుభవం ఇంకా కూడలేదు. అందుకే చర్చ అంతా 'ఎంతకు పెరుగుతుంది' అన్న ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతోంది.

2024 డిసెంబరులో ఒక బిట్‌కాయిన్ ధర తొలిసారి లక్ష డాలర్లు దాటింది. నాలుగు నెలల తర్వాత, 2025 ఏప్రిల్‌లో, మన దేశంలో 10 గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలను తాకింది. రెండు వార్తలూ దగ్గర దగ్గరగా వచ్చేసరికి 'డిజిటల్ బంగారం' అన్న మాట జనంలో బాగా నాటుకుంది. స్టీల్‌ప్లాంట్‌లోనో పోర్టులోనో పనిచేసి రిటైరైనవారికి పీఎఫ్, గ్రాట్యుటీ ఒకేసారి చేతికందుతాయి. జీవితంలో మళ్లీ రాని మొత్తం అది. అందులో కొంత బిట్‌కాయిన్‌లో పెట్టవచ్చా అన్న ప్రశ్న అలాంటి ఇళ్లకు చిన్నదేమీ కాదు.

విలువ నిధి అంటే ఏమిటి?

ఇంటర్ అర్థశాస్త్రం డబ్బుకు నాలుగు పనులు చెబుతుంది. అది వినిమయ మాధ్యమం, విలువ కొలమానం, వాయిదా చెల్లింపుల ప్రమాణం, విలువ నిధి. ఈ నాలుగో పని ఇక్కడ ముఖ్యం. ఈ రోజు కష్టపడి సంపాదించిన దాన్ని పదేళ్ల తర్వాతి అవసరానికి చేర్చడమే విలువ నిధి చేసే పని. బియ్యం పురుగు పడుతుంది కాబట్టి పదేళ్లు దాచలేం. రూపాయి నోటు పురుగు పట్టదు గానీ ధరలు పెరిగే కొద్దీ దానితో కొనగలిగేది తగ్గిపోతుంది. బంగారం తుప్పు పట్టదు, నకిలీని పట్టుకోవచ్చు, ఏ ప్రభుత్వానికీ అచ్చు వేయడం సాధ్యం కాదు, ఏ ఊళ్లోనైనా గంటలో డబ్బు చేసుకోవచ్చు.

విలువ నిధి పెరిగి తీరాలని నియమమేమీ లేదు. అవసరం వచ్చిన రోజున, దాచినదానికి కాస్త అటూ ఇటూగా తిరిగి రావాలి. పెరుగుదల వేరు, నిలకడ వేరు. క్రిప్టో మీద జరిగే వాదనల్లో సగం గందరగోళం ఈ రెంటినీ కలిపేయడం వల్లే వస్తోంది.

బిట్‌కాయిన్ అసలు దాచుకోవడానికి పుట్టింది కాదు. 2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అన్న మారుపేరుతో వచ్చిన పత్రం దాన్ని బ్యాంకు మధ్యలో లేకుండా మనిషి నుంచి మనిషికి నేరుగా పంపే నగదుగా పరిచయం చేసింది. 2009 జనవరి 3న దాని పద్దులో మొదటి పేజీ, అంటే మొదటి బ్లాకు, తయారైంది. 2010 మేలో అమెరికాలో ఒకరు రెండు పిజ్జాలకు 10,000 బిట్‌కాయిన్లు ఇచ్చారు. ధర పెరుగుతూ పోయాక అలా ఖర్చు పెట్టేవారు తగ్గిపోయారు. రేపు రెట్టింపు అవుతుందనుకున్నదాన్ని ఈ రోజు ఎవరు ఖర్చు పెడతారు? అలా నగదుగా మొదలైనది క్రమంగా దాచుకునే వస్తువుగా మారింది. 2021 సెప్టెంబరులో ఎల్ సాల్వడార్ దాన్ని చట్టబద్ధమైన చెల్లింపు సాధనంగా ప్రకటించింది. 2025 జనవరిలో ఆ దేశమే చట్టం సవరించి, వ్యాపారులు దాన్ని తప్పనిసరిగా తీసుకోవాలన్న నిబంధన ఎత్తేసింది.

లింక్ డాక్యుమెంట్లు తెలిసినవారికి బ్లాక్‌చైన్ కొత్త కాదు

బిట్‌కాయిన్ ఎక్కడా నాణెంగా లేదు. ఫోనులో ఫైలుగా కూడా లేదు. ఉన్నదల్లా ఒక పద్దు పుస్తకం. ఒక స్థలానికి మొదటి పట్టా నుంచి నేటి యజమాని దాకా లింక్ డాక్యుమెంట్లు ఎలా వరుసగా ఉంటాయో, ప్రతి బిట్‌కాయిన్‌కూ పుట్టిన క్షణం నుంచి చేతులు మారిన చరిత్ర అంతా అలా ఉంటుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ పుస్తకం ఒక చోట, ఒక అధికారి చేతిలో ఉంటుంది. బిట్‌కాయిన్ పుస్తకం నకళ్లు ప్రపంచమంతటా వేల కంప్యూటర్లలో ఉంటాయి. ఎవరైనా తెరిచి చూడవచ్చు. కాకపోతే అందులో పేర్లకు బదులు అంకెలు, అక్షరాలు కలిసిన చిరునామాలు కనిపిస్తాయి.

ఒకే ప్లాటును ఇద్దరికి అమ్మే డబుల్ రిజిస్ట్రేషన్ గొడవలు విశాఖ శివార్లలో స్థలాలు కొన్నవారికి బాగా తెలుసు. డిజిటల్ సొమ్ముకు కూడా సరిగ్గా ఇదే పెద్ద చిక్కు. ఒక ఫొటోను పది మందికి ఫార్వర్డ్ చేసినట్టు ఒకే సొమ్మును పది మందికి పంపితే దానికి విలువే ఉండదు. బ్యాంకు తన దగ్గరున్న ఒక్క లెక్క చూసుకుని దీన్ని ఆపుతుంది. బ్యాంకు లేని చోట ఎవరు ఆపాలి? సతోషి పత్రం సాధించింది ఈ ఒక్క సమస్యనే. మిగతాదంతా దాని చుట్టూ అల్లుకున్నదే.

సుమారు 10 నిమిషాలకు ఒకసారి కొత్త లావాదేవీలన్నీ ఒక పేజీగా పుస్తకంలో చేరతాయి. ఆ పేజీయే బ్లాకు. దాన్ని రాసే హక్కు కోసం, ఈ పనికే కంప్యూటర్లు నడిపే 'మైనర్లు' పోటీ పడతారు. పేజీలోని సమాచారానికి ఒక సంఖ్యను కలిపి ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్కలో వేస్తే వేలిముద్ర లాంటి ఫలితం వస్తుంది. అది నిర్ణీత హద్దు కంటే చిన్నదిగా రావాలి. అలా వచ్చే సంఖ్యను తెలివితో పట్టుకోలేం. కోట్ల కోట్ల సార్లు ఊహించి చూడాల్సిందే. కరెంటు ఖర్చంతా ఆ ఊహించడానికే. ముందు కనిపెట్టినవారు పేజీ రాస్తారు, వారికి కొత్త బిట్‌కాయిన్లు బహుమతిగా వస్తాయి. ఎన్ని కంప్యూటర్లు పోటీలోకి వచ్చినా పేజీకి 10 నిమిషాల సగటు తప్పకుండా, ప్రతి 2,016 పేజీలకు ఒకసారి లెక్క కష్టం దానంతట అదే సర్దుకుంటుంది.

ప్రతి పేజీలో అంతకు ముందు పేజీ వేలిముద్ర ఉంటుంది. ఇలా గొలుసులా అల్లుకున్న పుస్తకమే బ్లాక్‌చైన్. పాత పేజీలో ఒక అంకె మార్చినా దాని వేలిముద్ర మారిపోతుంది, ఆ తర్వాతి పేజీలన్నీ చెల్లకుండా పోతాయి. వాటన్నిటినీ మళ్లీ రాయాలంటే మిగిలిన ప్రపంచం మొత్తం కంటే ఎక్కువ కంప్యూటర్ బలం కావాలి. బిట్‌కాయిన్‌కు ఇప్పుడున్న బలం ముందు అది గిట్టుబాటయ్యే పని కాదు. చిన్న కాయిన్లకు ఈ రక్షణ లేదు. 2020 ఆగస్టులో ఈథీరియం క్లాసిక్ అనే కాయిన్ పుస్తకాన్ని దాడి చేసినవారు ఒకసారి కాదు, పలుమార్లు తిరగరాశారు. కాబట్టి 'క్రిప్టో భద్రం' అన్న మాట ఏ కాయిన్ గురించో చెప్పకపోతే అర్థం లేనిది.

ఇక్కడే ఒక గట్టి తేడా గమనించాలి. తప్పుడు రిజిస్ట్రేషన్ జరిగితే కోర్టుకు వెళ్లి రద్దు చేయించుకోవచ్చు, ఏళ్లు పట్టినా సరే. బిట్‌కాయిన్ పుస్తకంలో రద్దు లేదు. పొరపాటున వేరే చిరునామాకు పంపినా, మోసపోయి పంపినా, ఆ చిరునామా తాళం ఉన్నవారు దయతలిస్తే తప్ప వెనక్కి రాదు.

2.1 కోట్లకు మించి రావు, అయితే ఏంటి?

పేజీ రాసినవారికి మొదట్లో 50 బిట్‌కాయిన్లు వచ్చేవి. 2,10,000 పేజీలకు ఒకసారి, అంటే దాదాపు నాలుగేళ్లకు ఒకసారి, ఆ బహుమతి సగమవుతుంది. 2012లో 25, 2016లో 12.5, 2020లో 6.25, 2024 ఏప్రిల్‌లో 3.125 అయింది. దీన్నే హాల్వింగ్ అంటారు. ఇలా తగ్గుతూ పోతే మొత్తం 2.1 కోట్ల దగ్గర ఆగిపోతుంది. చివరి కాయిన్ 2140 ప్రాంతంలో వస్తుంది. ఇప్పటికే 95 శాతం దాకా వచ్చేశాయి. ఈ నియమం క్రిప్టోలన్నిటికీ ఉందనుకోవడం పొరపాటు. డోజీకాయిన్‌లో ఏటా 500 కోట్ల కొత్త కాయిన్లు చేరుతూనే ఉంటాయి, దానికి పై హద్దే లేదు.

బిట్‌కాయిన్‌ను బంగారంతో పోల్చేవారి ప్రధాన వాదన ఈ కొరతే. వాదన తప్పు కాదు, సగమే. కొరత ఉన్నంత మాత్రాన విలువ నిలవదు, దాన్ని కోరుకునేవారు కూడా ఉండాలి. అంతకంటే లోతైన విషయం మరొకటి ఉంది. బంగారం రేటు బాగా పెరిగితే గనులు కాస్త ఎక్కువ తవ్వుతాయి, ఇళ్లలోని పాత నగలు కరిగించడానికి మార్కెట్‌కు వస్తాయి. ఆ సరఫరా, ధర పెరుగుదలను కొంత చల్లారుస్తుంది. ధర పడితే పాత బంగారం రావడం తగ్గుతుంది. బిట్‌కాయిన్‌లో కొత్త కాయిన్లు వచ్చే వేగం ధరను బట్టి మారదు. ధర పదింతలైనా పేజీకి వచ్చేది 3.125 మాత్రమే. జనం ఉత్సాహం హెచ్చినా తగ్గినా ఆ బరువంతా ధర మీదే పడుతుంది. అంటే దేన్ని చూసి బిట్‌కాయిన్‌ను గొప్ప విలువ నిధి అంటున్నారో, ఆ బిగిసిపోయిన కొరతే దాని ధర నిలకడగా ఉండకపోవడానికి ఒక కారణం. ఈ సంగతి ప్రచారంలో దాదాపు ఎక్కడా వినిపించదు.

దీనికి అప్పు వ్యాపారం తోడవుతుంది. కొద్ది సొమ్ము పెట్టి పదింతలకు పందెం కాసేవారు ఉంటారు. ధర కాస్త పడగానే వారి వాటాలను ఎక్స్ఛేంజీలు, అంటే క్రిప్టో కొని అమ్మే వేదికలు, బలవంతంగా అమ్మేస్తాయి. ఆ అమ్మకాలతో ధర మరింత పడుతుంది, ఇంకొందరి వాటాలు అమ్ముడవుతాయి. మన స్టాక్ మార్కెట్‌లో సూచీ బాగా పడితే ట్రేడింగ్ ఆపే ఏర్పాటు ఉంది. ఇక్కడ రాత్రీ పగలూ, ఆదివారం, పండుగ అన్న తేడా లేకుండా బేరం సాగుతూనే ఉంటుంది.

2021 నవంబరు నుంచి 2022 నవంబరు దాకా

2021 నవంబరులో బిట్‌కాయిన్ 69,000 డాలర్ల దగ్గరికి వెళ్లింది. సరిగ్గా ఏడాది తర్వాత 16,000 డాలర్ల కిందికి పడింది. ఆ మధ్య రూపాయి కూడా డాలరు ముందు బలహీనపడింది కాబట్టి మన లెక్కలో నష్టం కాస్త తగ్గినా, నాలుగింట మూడొంతులు పోయినట్టే. అక్కయ్యపాలెంలో ఒక కుటుంబం అమ్మాయి పెళ్లికని 10 లక్షలు ఆ శిఖరం దగ్గర పెట్టిందనుకుందాం. మరుసటి ఏడాది ముహూర్తం నాటికి చేతిలో మిగిలేది రెండున్నర లక్షలు. 2024 మార్చిలో ధర మళ్లీ ఆ శిఖరాన్ని దాటింది, ఆగగలిగినవారికి నష్టం లేదు. పెళ్లి మాత్రం రెండేళ్ల నాలుగు నెలలు ఆగదు. 2017 డిసెంబరులో 20,000 డాలర్లకు చేరువైనప్పుడు కొన్నవారికి అసలు మళ్లీ కనిపించింది 2020 డిసెంబరులో.

2022 ఇంకో కారణం చేత కూడా గుర్తుంచుకోవాల్సిన సంవత్సరం. ధరలు పెరిగినప్పుడు సొమ్మును బిట్‌కాయిన్ కాపాడుతుందన్న వాదనకు అసలు పరీక్ష ఆ ఏడాదే ఎదురైంది. అమెరికాలో ద్రవ్యోల్బణం జూన్‌లో 9.1 శాతానికి చేరింది, నాలుగు దశాబ్దాల్లో అంత ఎక్కువ ఎప్పుడూ లేదు. అదే ఏడాది బిట్‌కాయిన్ 60 శాతానికి పైగా పడింది. అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేట్లు వరుసగా పెంచడంతో, చౌక అప్పుల మీద నడిచిన పెట్టుబడులన్నీ వెనక్కి మళ్లాయి. వాటితో పాటే బిట్‌కాయిన్ కూడా. టెక్నాలజీ షేర్లు పడ్డప్పుడే ఇదీ పడింది. బంగారం మన రూపాయల్లో చూస్తే ఆ ఏడాది పెరిగింది.

బంగారం ఎప్పుడూ పడదని దీని అర్థం కాదు. 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లను తాకిన బంగారం, 1999 నాటికి 260 డాలర్ల లోపుకు దిగింది. దాదాపు రెండు దశాబ్దాల జారుడు అది. అయినా ఒక్క ఏడాదిలో నాలుగింట మూడొంతులు పోయిన చరిత్ర దానికి లేదు.

తాళం ఎవరి దగ్గరుంది?

ధర గురించిన టెన్షన్ కళ్లకు కనిపిస్తుంది. తాళం గురించిన ప్రమాదం జరిగేదాకా కనిపించదు. నిజానికి ఈ రెండోదే ఎక్కువ కుటుంబాలను పూర్తిగా ముంచగలదు, ఎందుకంటే పడిన ధర మళ్లీ లేవవచ్చు గానీ పోయిన కాయిన్ తిరిగి రాదు.

బిట్‌కాయిన్‌ను ఒక చిరునామా నుంచి కదపాలంటే ప్రైవేట్ కీ అనే రహస్య సంఖ్య కావాలి. మనిషి రాసుకోవడానికి వీలుగా వాలెట్లు (ఈ కీని భద్రపరిచే యాప్‌లు, పరికరాలు) దాన్ని 12 లేదా 24 ఇంగ్లిష్ పదాల వరుసగా ఇస్తాయి. అదే సీడ్ ఫ్రేజ్. ఆ పదాలు ఎవరి చేతిలో ఉంటే సొమ్ము వారిది. ఫోటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టినా, వాట్సాప్‌లో తనకు తానే పంపుకున్నా, ఆ ఖాతాలోకి చొరబడినవారికి సొమ్ము అప్పగించినట్టే.

ఈ బాధ్యత భారం అనిపించి చాలామంది కాయిన్లను కొన్న ఎక్స్ఛేంజీలోనే వదిలేస్తారు. అప్పుడు తాళం ఎక్స్ఛేంజీ దగ్గర ఉంటుంది. యాప్‌లో కనిపించేది 'మేము మీకు ఇంత ఇవ్వాలి' అన్న అంకె మాత్రమే. 2014లో టోక్యో ఎక్స్ఛేంజీ మౌంట్ గాక్స్ మూతపడినప్పుడు సుమారు 8.5 లక్షల బిట్‌కాయిన్లు కనిపించకుండా పోయాయి. వాటిలో 2 లక్షలు తర్వాత దొరికాయి. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే మరో ఎక్స్ఛేంజీ దివాలా తీసింది. కస్టమర్ల సొమ్ము దారి మళ్లించిన కేసులో దాని వ్యవస్థాపకుడు శామ్ బ్యాంక్‌మన్ ఫ్రైడ్‌కు 2024 మార్చిలో 25 ఏళ్ల శిక్ష పడింది.

మన దేశంలో దగ్గరి ఉదాహరణ వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజీ. 2024 జులై 18న దాని వాలెట్ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టోను దొంగిలించారు. పలువురి సంతకాలు కలిస్తే తప్ప తెరుచుకోని వాలెట్ అది. ఆ వెంటనే కస్టమర్ల విత్‌డ్రాయల్స్ ఆగిపోయాయి. సింగపూర్ కోర్టులో పునర్‌వ్యవస్థీకరణ ముగిసి 2025 అక్టోబరులో మళ్లీ తెరుచుకునే దాకా, 15 నెలల పాటు ఆ క్రిప్టో చేతికి రాలేదు. ఈ మధ్యలోనే బిట్‌కాయిన్ లక్ష డాలర్లు దాటింది. ధర పెరిగి కూడా అమ్ముకోలేకపోవడం ఎలాంటిదో అక్కడ చిక్కుకున్నవారికి తెలిసొచ్చింది. అదే బ్యాంకులో అయితే ఒక్కో డిపాజిటరుకు 5 లక్షల రూపాయల దాకా డీఐసీజీసీ బీమా ఉంది. క్రిప్టోకు అలాంటి బీమా మన దేశంలో లేదు.

సరే, తాళం సొంతంగా ఉంచుకుంటే? అప్పుడు ఎక్స్ఛేంజీ ప్రమాదం పోయి ఇంటి ప్రమాదం వస్తుంది. పాత హార్డ్ డిస్కులు పారేసి, పాస్‌వర్డులు మరిచి, చెప్పకుండా చనిపోయి ఎందరో పోగొట్టుకున్నారు. కెనడా ఎక్స్ఛేంజీ క్వాడ్రిగాసీఎక్స్ అధిపతి 2018 డిసెంబరులో మన జైపూర్‌లోనే చనిపోయారు. తాళాలు ఆయన ఒక్కరికే తెలుసని కంపెనీ చెప్పింది. కస్టమర్ల సొమ్మును ఆయన అంతకు ముందే పోగొట్టేశారని అక్కడి నియంత్రణ సంస్థ తర్వాత తేల్చింది. ఒక్క మనిషిని నమ్ముకుంటే తాళం పోయిందా, పెట్టె ముందే ఖాళీ అయిందా అన్నది కూడా బయటివారికి తెలియదు.

చట్టం ఎక్కడ నిలిచింది?

2018 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు, క్రిప్టో వ్యాపారం చేసేవారికి బ్యాంకులు సేవలు ఇవ్వకూడదని ఆదేశించింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. 2022 బడ్జెట్‌లో కేంద్రం నిషేధం జోలికి పోకుండా పన్ను వేసింది. 2023 మార్చిలో ఎక్స్ఛేంజీలను మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి తెచ్చింది. అప్పటి నుంచి అవి కేంద్ర ఆర్థిక నిఘా విభాగం ఎఫ్‌ఐయూ దగ్గర నమోదు కావాలి. ఆ నమోదును ప్రభుత్వ హామీగా చూపించేవారున్నారు. అది కస్టమర్ల వివరాలు, అనుమానాస్పద లావాదేవీలు తెలిపే బాధ్యత మాత్రమే, సొమ్ముకు పూచీ కాదు. 2025 అక్టోబరులో మద్రాస్ హైకోర్టు క్రిప్టోను ఆస్తిగా గుర్తించింది. కోర్టుకెక్కే కస్టమర్‌కు ఇది కాస్త ఆధారం. అయినా రూపాయిలా చట్టబద్ధమైన చెల్లింపు సాధనం అయితే కాదు.

పన్ను లెక్క దాచుకునేవారికి అసలు అనుకూలంగా లేదు. లాభంపై 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు. కొన్న ధర తప్ప ఏ ఖర్చూ మినహాయించుకోలేరు. ఒక కాయిన్‌లో 40,000 లాభం, మరోదాంట్లో 40,000 నష్టం వస్తే చేతికి మిగిలింది సున్నా. పన్ను మాత్రం 12,480 కట్టాలి. నష్టాన్ని వచ్చే ఏడాదికి కూడా తీసుకెళ్లలేరు. అమ్మిన ప్రతిసారీ నిర్ణీత పరిమితి దాటాక మొత్తం విలువలో 1 శాతం టీడీఎస్ పట్టుకుంటారు, రిటర్న్ వేసి సర్దుబాటు చేసుకోవాలి. ఒక కాయిన్ ఇచ్చి ఇంకో కాయిన్ తీసుకున్నా అది అమ్మకమే. అన్నిటికంటే ముఖ్యం, ఓపికకు విలువ లేదు. బంగారాన్నో స్థలాన్నో రెండేళ్లకు మించి ఉంచి అమ్మితే దీర్ఘకాలిక లాభంపై 12.5 శాతం పన్ను రేటు ఉంది. బిట్‌కాయిన్‌ను పదేళ్లు ఉంచినా 30 శాతమే. చిన్న పెన్షన్ తప్ప వేరే ఆదాయం లేని రిటైర్డ్ ఉద్యోగికీ, పెద్ద వ్యాపారికీ ఇదే రేటు.

టీడీఎస్ తప్పించుకోవడానికి కొందరు పీ2పీ దారి పడతారు. అంటే ముఖం తెలియని కొనుగోలుదారు నేరుగా బ్యాంకు ఖాతాలో డబ్బు వేస్తే కాయిన్లు పంపడం. ఆ డబ్బు ఎక్కడో సైబర్ మోసంలో కొట్టేసినదైతే, అది చేరిన ఖాతాలను పోలీసులు వరుసగా ఫ్రీజ్ చేయిస్తారు. ఏ తప్పూ ఎరగని మనిషి జీతం ఖాతా వేరే రాష్ట్రం పోలీసుల లేఖతో ఆగిపోయిన సందర్భాలు దేశమంతా ఉన్నాయి. పన్నులో కొన్ని వందలు మిగిల్చుకోబోయి నెలల తరబడి తిరగాల్సి వస్తుంది.

పేరొకటే, సరుకు వేరు

డిజిటల్ రూపాయి, స్టేబుల్ కాయిన్, బిట్‌కాయిన్ మూడూ ఒకటేనన్న అపోహ ఉంది. 2022 డిసెంబరు 1న సామాన్యుల కోసం ప్రయోగాత్మకంగా మొదలైన ఈ-రూపీ రిజర్వ్ బ్యాంకు బాకీ. జేబులోని నోటు ఎంతో అదీ అంతే, పెరగదు, తగ్గదు. యూఎస్‌డీటీ లాంటి స్టేబుల్ కాయిన్ ఒక ప్రైవేటు కంపెనీ 'దీనికి ఒక డాలరు ఇస్తాం' అని ఇచ్చే మాట. మాట ఎంత గట్టిదో వెనక ఉన్న నిల్వను బట్టి ఉంటుంది. 2022 మేలో టెర్రా యూఎస్‌టీ అనే స్టేబుల్ కాయిన్ డాలరు దగ్గర నిలబడలేక కుప్పకూలింది. దాని వెనక డాలర్ల నిల్వ బదులు లూనా అనే ఇంకో కాయిన్‌తో నడిచే సూత్రం ఉండేది. కొద్ది రోజుల్లో రెండూ కలిసి సుమారు 4,000 కోట్ల డాలర్ల విలువ ఆవిరైంది.

మోసం తెచ్చే నష్టం

బిట్‌కాయిన్ పనితీరుతో సంబంధం లేని నష్టం ఒకటుంది. అది దాని పేరు వాడుకునే మోసం. 2024 మేలో విశాఖ నగర పోలీసులు, డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ యువకులను కంబోడియాకు పంపిన ఏజెంట్లను అరెస్టు చేశారు. అక్కడ వారిని నిర్బంధించి సైబర్ మోసాలు చేయించారు. కొందరు ఆ నెలలోనే విశాఖకు తిరిగొచ్చారు. ఆగ్నేయాసియాలోని అలాంటి అడ్డాల్లో నడిచే మోసాల్లో నకిలీ క్రిప్టో ట్రేడింగ్ పెద్ద భాగం. టెలిగ్రామ్ గ్రూపులో పరిచయం, మొదట చిన్న లాభం నిజంగానే చేతికివ్వడం, యాప్‌లో పెరుగుతున్న అంకెలు, డబ్బు తీసుకోబోతే ముందు పన్ను కట్టమనడం వాటి పద్ధతి. ఆ యాప్ వెనక క్రిప్టో ఉండదు, బొమ్మ అంకెలే ఉంటాయి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేస్తే బ్యాంకుల మధ్య తిరుగుతున్న సొమ్మును ఆపే అవకాశం ఉంటుంది. అది ఒకసారి యూఎస్‌డీటీగా మారి దేశం దాటిందంటే వెనక్కి తేవడం చాలా కష్టం. ఆలస్యమయ్యే ప్రతి గంటా లెక్కలోకి వస్తుంది.

హుద్‌హుద్ వారం గుర్తుచేసేది

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకింది. రోజుల తరబడి కరెంటు లేదు, సెల్ సిగ్నల్ లేదు, ఏటీఎంలు పనిచేయలేదు. పాల ప్యాకెట్ కోసం, మంచినీళ్ల కోసం జనం క్యూల్లో నిలబడ్డారు. ఆ వారం పనికొచ్చింది చేతిలో ఉన్న నోట్లే. బీరువాలో బంగారం ఉన్నా దుకాణాలు తెరవలేదు. బిట్‌కాయిన్ ఉన్నవారి పద్దు ప్రపంచంలో మిగతా చోట్ల చెక్కుచెదరకుండా ఉంటుంది. విశాఖలో ఫోను చార్జింగ్ లేనివారికి ఆ వారం అది ఉన్నా లేనట్టే.

ఇంతవరకు బ్యాంకు డిపాజిట్‌కూ బిట్‌కాయిన్‌కూ తేడా లేదు. తేడా వచ్చేది తర్వాత. నీళ్లలో పాస్‌బుక్ తడిసిపోయినా, ఫోను పోయినా బ్యాంకు మనిషిని గుర్తుపడుతుంది. సంతకం చూస్తుంది, ఆధార్ చూస్తుంది, కొత్త పాస్‌బుక్ ఇస్తుంది. వాలెట్‌కు మనిషి తెలియదు, ఆ 12 పదాలే తెలుసు. పదాలు రాసిన కాగితం వర్షంలో కరిగిపోతే, వేరే నకలు లేకపోతే, కథ అక్కడితో సరి. తీర ప్రాంతంలో ఉండేవారికి ఇది ఊహాజనితమైన భయం కాదు. కాగితానికి బదులు పదాలను స్టీలు రేకు మీద చెక్కించి, వేరు వేరు ఊళ్లలో రెండు చోట్ల ఉంచే పద్ధతి అందుకే వచ్చింది.

ఇప్పటికే కొన్నవారు చూసుకోవాల్సింది

2024 జనవరిలో అమెరికా నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌లకు (స్టాక్ మార్కెట్‌లో షేర్లలా కొనుక్కునే బిట్‌కాయిన్ ఫండ్లకు) అనుమతి ఇచ్చాక పెద్ద సంస్థల సొమ్ము అందులోకి వచ్చింది. దీనివల్ల బిట్‌కాయిన్ ఒక్కసారిగా మాయమైపోతుందన్న భయం తగ్గింది. ధర ఊగిసలాట మాత్రం ఆగలేదు. ముందు ముందు మార్కెట్ ఇంకా పెద్దదై నిలకడ రావచ్చు. కానీ పెళ్లి, ఆపరేషన్, కాలేజీ ఫీజు, ఇంటి వాయిదా లాంటి తేదీ ఉన్న అవసరాలను ఆ ఆశ మీద నిలబెట్టలేం. అందుకే ఎంత పెట్టాలన్న ప్రశ్నకు శాతాల కంటే ఒక పరీక్ష మేలు. అందులో నాలుగింట మూడొంతులు పోయి, మూడేళ్లు తిరిగి రాకపోయినా ఇంటి ఖర్చులో ఏదీ ఆగకూడదు. ఏదైనా ఆగుతుందనిపిస్తే పెట్టింది ఎక్కువే.

కొన్న తేదీలు, ధరలు, టీడీఎస్ వివరాలు ఒక పుస్తకంలో రాసుకోవాలి, ఎక్స్ఛేంజీ యాప్‌ను నమ్ముకోకూడదు, అది మూతపడితే పన్ను లెక్క కూడా పోతుంది. రిటర్న్‌లో క్రిప్టోకు విడిగా ఉన్న షెడ్యూల్ నింపాలి.

ఇంటి బీరువాలో స్థలం కాగితాలు, ఎల్‌ఐసీ బాండ్లు, పోస్టాఫీసు పుస్తకం ఎక్కడున్నాయో భార్యాభర్తలిద్దరికీ తెలిసి ఉంటాయి. వాటి పక్కన ఇంకో కవరు ఉండాలి. ఏ ఎక్స్ఛేంజీలో ఖాతా ఉంది, ఏ ఫోన్ నంబరుతో ఉంది, సొంత వాలెట్ అయితే ఆ పరికరం ఎక్కడ పెట్టారు, పదాలు రాసిన రేకు ఎవరి దగ్గర ఉంది అన్నది తెలుగులో, ఇంట్లోవాళ్లు చదివి అర్థం చేసుకునేలా రాసి ఉండాలి. పదాలు మాత్రం ఆ కవరులో ఉండకూడదు.